‘మ’ సంపుటికి ఒక ఆరోపం

హైదరాబాదు నుంచి ఉత్తరం:
‘మార్పు – మానవ సమూహాల్లో; దానికి దారి చూపుట.’
మూడువందల మాటలు మించరాదు.
మొదటి వాక్యంలోనే నిర్వచనం ఉండాలి.
ఉపమానాలు వద్దు. మనుషుల పేర్లు వద్దు.
పదో తరగతి పిల్లకు అర్థం కావాలి.

కనిగిరి బస్టాండు వెనక అద్దెగదిలో
ఫ్యాను గాలికి ఎగరకుండా కాగితం మీద రాయి పెట్టి
మొదలుపెట్టాను:

‘ఒక సమూహం ఒక అలవాటు విడిచి
మరో అలవాటుకు చేరే క్రమాన్ని
తెలిసి నడిపించడం.’

బాగానే ఉంది.
‘తెలిసి’ దగ్గర కలం ఆగింది.

మాకేం తెలుసని?
మేం ముగ్గురం, ఒక ఎర్రరంగు డబ్బా.
నడివీధి బోరింగుకి పిడి దాకా పూశాం.
తాగొద్దని రాశాం. వంకర కాళ్ల బొమ్మ వేశాం.
ఏడు మీటింగులు పెట్టి చెనక్కాయ ఉండలు పంచాం.
ఉండలు అయిపోయాయి.
మర్నాడు ఎర్రపిడి పట్టుకుని
అవే నీళ్లు, అదే చప్పుడుతో కొట్టుకున్నారు.
చేతులకి రంగంటిందని తిట్టారు కూడా.

రెండో వాక్యం:
‘అజ్ఞానం వల్ల సమూహాలు మార్పును ప్రతిఘటిస్తాయి.’
కొట్టేశాను.
గారపళ్లతో నవ్వేవాళ్లకి
ఆ నీళ్ల సంగతి నేను చెప్పాలా?
మంచినీళ్ల కుళాయి పడింది మాదిగపల్లె మొగదల.
అక్కడ బిందె దించితే
ఎవరో ఒకరి తర్వాత నిలబడాలి.
ఊరు జంకింది నీళ్లకు కాదు, వరసకు.
ఇది పదో తరగతి పిల్లకు చెప్పనక్కర్లేదు.
ఆ పిల్ల బిందె ఆ వరసలోనే ఉంది.

కుళాయి అక్కడ పడటం మా తెలివేం కాదు.
కంట్రాక్టరు దగ్గర గొట్టాలు అంతవరకే వచ్చాయి.

మూడో వాక్యం దగ్గర మాలకొండమ్మ వస్తుంది.
పేర్లు వద్దన్నారు. పోనీ, ‘ఒక స్త్రీ’.
ఒక స్త్రీ ఇంట్లో కందిపప్పు ఉడకదు,
పొద్దున ఎక్కించిన ఎసరు మధ్యాహ్నానికీ
చింతగింజల్లా – ఉపమానం, కొట్టేశాను –
గట్టిగానే ఉంటుంది.
మస్తాన్‌బీ టిఫిన్ కొట్లో పప్పు వెన్నలా –
ఇదీ కొట్టేశాను –
మెత్తగా ఉంటుంది.
“ఎట్టా ఉడికింది మే?”
“పల్లె కుళాయి నీళ్లక్కా.”

ఆ రాత్రి ఒక స్త్రీ
బిందె కొంగుచాటున పెట్టుకుని వెళ్లింది. కుక్కలు మొరిగాయి.
నెల తిరిగేసరికి కోడికూతకి.
వేపపూత నాటికి
పదిగంటల ఎండలో, పెంచలమ్మ వెనక,
నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.
“ఎంతసేపు మే పట్టేది!” అని అరిచింది.
పెంచలమ్మ వెనక్కి చూసింది.
జరగలేదు.
బిందె నిండేదాకా అట్టానే ఉంది.

ఎముకల గురించి ఏడు మీటింగుల్లో మేం చెప్పింది గాలికి పోయింది.
పప్పు ఒక్కసారి చెప్పింది.

నడివీధి బోరింగు దగ్గర ఇప్పటికీ
వెలుగొండయ్య ఒక్కడే నీళ్లు కొట్టుకుంటాడు.
“వంగిన కాళ్లకి కొత్తనీళ్లు ఎందుకబ్బయా?
మనుషులొచ్చే నీళ్లయితే చెప్పు.”
ఆయన్ని ఏ వాక్యంలో పెట్టాలో తెలియలేదు.
మూడువందల్లో చోటు లేదని
నాకు నేనే అబద్ధం చెప్పుకున్నాను.

చిత్తుప్రతి వాటర్‌మేన్ దావీదుకి చదివి వినిపించాను.
తాళాలగుత్తి తిప్పుకుంటూ అంతా విన్నాడు.
“బాగుంది సార్.
ఇందులో కుళాయి యాడుంది?”

రాత్రి రెండింటికి శుభ్రప్రతి.
పేర్లు లేవు. ఉపమానాలు లేవు.
‘తెలిసి’ ముందు ‘కొంత’ చేర్చాను.
కింద, నియమం ప్రకారం, మూడు సూచికలు:

చూ. నీరు.
చూ. పప్పు.
చూ. వరస.

‘న’ సంపుటి అచ్చయి మూడేళ్లయింది.
‘ప’ కూడా అయింది; అందులో పప్పు లేదట,
సంపాదకుడు ఆ సూచిక కొట్టేస్తాడు.
‘వ’ మాత్రం
ఇంకా ఎవరికీ అప్పజెప్పలేదని విన్నాను.